తల తిప్పితే ఊడే చిన్న సీసాకు నల్లగొండ నుంచి ఒక ఉత్తరం

ప్రోబయోటిక్ చిన్న సీసా గారికి,

ఉభయకుశలోపరి అని మొదలువెడ్దామనుకున్న గని మా ఇంట్ల కుశలం లేదు, మా పోరడు పొద్దటి సంది నాలుగోసారి బాత్రూంల దూరిండు, నేను ఫ్రిజ్ డోర్ తీసి నిన్ను చూసుకుంట ఇది రాస్తున్న. గుడ్ల పక్కన ఐదుగురు అన్నదమ్ముల లెక్క ఒకరి భుజం ఒకరికి అతుక్కొని నిలవడ్డరు. ఒకన్ని ఇరిచి తల తిప్పితే టక్కుమంటది, లోపట బియ్యం కడిగిన నీళ్ల తీరు ఐదు ఎం.ఎల్. ఉంటది, రుచి లేదు వాసన లేదు. గంతల్నే 200 కోట్ల స్పోర్లు, అంటే పెంకు కప్పుకొని పండుకున్న మంచి బ్యాక్టీరియా, ఉన్నయని నీ ఒంటి మీద చీమల కంటే చిన్న అక్షరాలతోని రాసుకున్నవ్.

అసలు నువ్వు మా ఇంటికి ఎట్ల వచ్చినవో యాదికున్నదా? పోరనికి జలుబు చేసింది. ఉత్త జలుబే, ముక్కు కారుడు, రెండు తుమ్ములు, బడి ఎగ్గొట్టనీకి సరిపోయేంత. క్లాక్ టవర్ దిక్కు ఒక క్లినిక్‌కు తీస్కపోయిన, పేరెందుకులే, అక్కడ రెండు నిమిషాల్ల చీటీ చేతికొచ్చింది, ఐదు రోజుల యాంటీబయోటిక్, దాని కింద నువ్వు. జలుబు వచ్చేది వైరస్‌తోని, యాంటీబయోటిక్ చంపేది బ్యాక్టీరియాని, అది వైరస్ వెంట్రుక గూడ పీకలేదు, ఇది మా పోరని సైన్సు పుస్తకంల గూడ ఉంటది. "సార్, ఈ గోలీలకు కడుపు ఖరాబైతదేమో" అన్న. "అందుకేగా ఇది రాసింది" అని నీ పేరు కింద పెన్నుతోని ఒక గీత గీసిండు. కాలు ఇరగ్గొట్టి చేతికి కట్టె ఇచ్చినట్టు.

గోలీల అట్ట మీద గూడ ఒక గీత ఉన్నది, నిలువు ఎర్ర గీత. డాక్టర్ చీటీ లేంది ఇవి మింగొద్దని జనానికి తెల్వాలని 2016ల సర్కారు దాని గురించి పెద్దగ ప్రచారం చేసింది. మరి చీటీ రాసేటాయన చెయ్యి ఆపనీకి ఏ రంగు గీత గియ్యాల్నో ఎవరు చెప్తలేరు.

మూడో రోజు జలుబు దానంతటదే పోయింది, మోషన్లు వచ్చినయ్. అది నీ తప్పు కాదు, ఒప్పుకుంటున్న. ఐదు రోజుల మందు లోపటికి పోతే చెడ్డోళ్లు మంచోళ్లు అని చూడది, పొలంల గడ్డి మందు కొడితే కలుపుతోని పాటు కొత్తిమీర మడి గూడ మాడినట్టే. అందుకే నిన్ను పంపిన్రు. గని జర లెక్క చేసుకుందాం రా. 2016లనే సైంటిస్టులు మళ్ల కూసొని లెక్కగడితే, 70 కిలోల మనిషి ఒంట్ల సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటయని తేలింది, అన్నిటిని తూకమేస్తే పావుకిలో గూడ రావు. మన కణాల కంటే పదింతలు ఎక్కువ అని అందాక అందరు చెప్పింది ఉత్తదే, ఇంచుమించు సమానమే. మా పోరడు 70 కిలోలు లేడు, అయినా లెక్క అల్కగుండనీకి పెద్దమనిషి లెక్కే తీస్కుందాం. నీ 200 కోట్లని పెద్దమనిషి లెక్కతోని భాగారం చేస్తే 19 వేలకు ఒక్కడు. అంటే 19 వేల మంది ఉన్న ఊర్ల ఒక్కడు బస్సు దిగిండన్నట్టు. దిగి, బస్టాండ్ల చాయ్ తాగి, ఇటు అటు తిరిగి, కొన్ని రోజులకు మళ్ల బస్సెక్కి పోతడు, ఎందుకంటే నీ అసుంటోళ్లు మా కడుపుల కాపురం పెట్టరు, దారిన పోయేటోళ్లే. గా ఒక్కనికే మీ కంపెనీలు ఊరంత ఫ్లెక్సీలు కట్టినయ్, "మా ప్రియతమ నాయకుడు విచ్చేసి ఊరిని బాగుచేసెను" అని.

నువ్వు స్పోరువు, గట్టి పెంకు కప్పుకొని పండుకుంటవ్, యాంటీబయోటిక్‌కు జల్ది చావవ్, ఎండకు గూడ ఓర్చుకుంటవ్, ఫ్రిజ్ల పెట్టే పనే లేదంట. నేను గుడ్ల పక్కన పెట్టింది మర్యాదకు.

ఈ కతంత షురువైంది మెచ్నికాఫ్ అనే పెద్దమనిషితోని. రష్యా దిక్కుకెల్లి వచ్చి పారిస్‌ల పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌ల పనిచేసిండు, ఇమ్యూనిటీ మీద పనికి 1908ల నోబెల్ తీసుకున్నడు. బల్గేరియా పల్లెటూరోళ్లు పుల్లటి పెరుగు తిని ఎక్కువ కాలం బతుకుతున్నరని చెప్పి తను గూడ రోజు తాగిండు. 1916ల 71 ఏండ్లకు పోయిండు. మా తాత చెట్టు కింద కూసొని కల్లు తాగుకుంట 88 దాకా లాగిండు. కల్లు గూడ ప్రోబయోటిక్కే అని మా కాక ప్రతి ఆదివారం వాదిస్తడు, అందుల ఈస్టులు బ్యాక్టీరియా బతికే ఉంటయ్ గనక ఆయనతోని పూర్తిగ కొట్లాడలేం, గని మూడో సీసా తర్వాత అది వైద్యం కాదని మా చిన్నమ్మ మాట.

ఇగ నీ డబ్బా మీద "ఇమ్యూనిటీ బూస్టర్" అన్న ముక్క. కరోనప్పుడు ఆ ముక్క లేకుంటే ఉప్పు గూడ అమ్ముడు పోయేట్టు లేకుండె. ఇమ్యూనిటీ అంటే టీవీ సౌండా, పెంచుకుంట పోనీకి? పెరిగితే ఎలర్జీ, ఇంకా పెరిగితే సొంత కీళ్లనే కొరుకుతది. ఇంటి కుక్క వచ్చిన చుట్టాలందరిని కరిస్తే దాన్ని మంచి కుక్క అంటమా? ఎవరిని చూసి మొరగాలె, ఎవరిని చూసి తోకాడియ్యాలె తెల్వాలె. ఆ బుద్ధి నేర్పుట్ల చిన్నప్పటి సంది పేగుల కాపురమున్న బ్యాక్టీరియాకు పెద్ద చెయ్యి ఉన్నది, ఒంట్ల ఉన్న ఇమ్యూన్ కణాల్ల పెద్ద భాగం ఆ పేగు గోడ పక్కనే మోపై ఉంటది మరి. మనం తిన్న పీచు మనకు అరగది, వాటికి బువ్వ. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అని ఒకటి తయారు చేస్తయ్, పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన తిండి, ఇమ్యూన్ కణాలకు "జర ఆగు, వీళ్లు మనోళ్లే" అని చెప్పుట్ల గూడ దానికి చెయ్యి ఉన్నది. పీచు పెట్టకుంటే ఆకలికి పేగు మీది జిగురు పొరనే గీక్కోని తినే రకాలు గూడ ఉన్నయ్ అండ్ల.

మాది బత్తాయి జిల్లా. రోడ్డు పొంటి కుప్పలు పోసి అమ్ముతరు. మేమేం చేస్తం? మిషన్ల పిండి, వడగట్టి, ఐసేసి, చక్కెరేసి తాగుతం, తొనల మీది తెల్ల తోలు, పిప్పి అంత బర్రెకు పోతది. బర్రె కడుపు మస్తుగుంటది, మేము నిన్ను కొనుక్కుంటం. జొన్న గట్క, తైద అంబలి తిని పెరిగిన ఇంట్ల ఇప్పుడు పోరడు పొద్దున బ్రెడ్, రాత్రికి నూడుల్స్.

అట్లని నిన్ను మొత్తం తీసిపారేస్తలేను. ఒడిశా పల్లెల్ల నాలుగున్నర వేల మంది పసిగుడ్డుల మీద చేసిన స్టడీ 2017ల వచ్చింది, పుట్టిన వారంల ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని, అంటే పాలను పులియబెట్టే జాతి బ్యాక్టీరియాని, దాని బువ్వతోని సహా ఇస్తే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంత పాకి ప్రాణం మీదికి వచ్చుడు), చావులు కలిపి 40 శాతం తగ్గినయ్. గది నిజంగ మొక్కాల్సిన పని. గని అది నువ్వు కాదు, వేరే రకం, వేరే అవసరం. నీ జాతోళ్లు అందరు ఒకటి కాదు, ఒకని మార్కులు ఇంకొకని మెమోల వేసుకుంటే ఎట్ల? 2018ల అమెరికా, కెనడాల వాంతులు మోషన్లయిన పిల్లలకు పేరున్న లాక్టోబాసిల్లస్‌లు ఇచ్చి చూస్తే ఉత్త పొడి ఇచ్చినోళ్లకు, వీళ్లకు తేడా కనవడలే. అదే ఏడు ఇజ్రాయెల్‌ల 21 మందికి యాంటీబయోటిక్ ఇచ్చి చూసిన్రు, చిన్న స్టడీనే, ప్రోబయోటిక్ మింగినోళ్లకు సొంత బ్యాక్టీరియా తిరిగి రానీకి ఏం మింగనోళ్ల కంటే ఎక్కువ టైం పట్టింది. బస్సు దిగిన చుట్టం ఇంటోళ్ల మంచం మీద పండుకున్నట్టు. యాంటీబయోటిక్‌తోని వచ్చే మోషన్లకు కొన్ని రకాలు, మంచి డోసుల, పనిచేస్తయని గూడ ఉన్నది, అది గూడ చెప్పకుంటే నాకు పాపం.

మా అమ్మకు ఇవేం తెల్వదు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ లీటరు నీళ్లల్ల కలిపి పోరనికి గుటక గుటక తాగిపిచ్చింది, మెత్తటి అన్నంల సల్ల పోసి ఉప్పేసి పిసికి పెట్టింది. పెరుగుల ఉన్నయన్ని ప్రోబయోటిక్ కాదమ్మా, సరిపడా లెక్కల బతికుండి మేలు చేస్తయని రుజువైతేనే ఆ పేరు, 2001ల డబ్ల్యూ.హెచ్.ఓ. చెప్పింది అని నేను చదివి వినిపిచ్చిన. "పేరు లేకుంటే కడుపుకు తెల్వదా బిడ్డా" అని గిన్నె కడగవోయింది.

ఇంతల పక్కింటి అక్క వచ్చింది చిన్న స్టీలు గిన్నె పట్టుకొని, పాలు తోడెయ్యనీకి తోడు లేదంట. అమ్మ ఫ్రిజ్ తీసి తోడు గిన్నె కోసం ఎతుకుతుంటె మీ ఐదుగురు అడ్డమొచ్చి కింద పడ్డరు. ఒకని తల ఊడి 200 కోట్ల మంది బండల మీద పోయిన్రు. అమ్మ పాత గుడ్డ తెచ్చి తుడిచింది. మిగిలిన నలుగురిని మందుల షాపోడు వాపస్ తీసుకోనన్నడు, పోరడు మాత్రం అప్పుడే అడుగుతున్నడు, ఖాళీ అయినంక ఆ సీసాలు వానికియ్యాల్నంట, నీళ్లు నింపి పిల్లి మీద కొట్టనీకి.

ఇట్లు,
మీ బిల్లు కట్టినోడు,
నల్లగొండ