సవరణ: ఒక్క రియాక్టివ్ (కిట్ పాజిటివ్ చూపిన) ఫలితంతో హెచ్‌ఐవీ నిర్ధారణ కాదు

హెచ్‌ఐవీ తక్కువగా ఉన్న చిన్న దేశాలపై రాసిన పోస్టులో ‘కిట్ స్పెసిఫిసిటీ 99.5 శాతం, కాబట్టి పాజిటివ్ వస్తే 99.5 శాతం ఖాయం’ అన్నాం. తప్పు, అదీ చిన్న తప్పేం కాదు. స్పెసిఫిసిటీ అంటే, వైరస్ లేనివాళ్లలో ఎంత శాతం మందికి కిట్ సరిగ్గా నెగెటివ్ చూపుతుందన్నది. వెయ్యికి ఒకరికి ఉన్నచోట లక్ష మందిని పరీక్షిస్తే, నిజంగా ఉన్నవాళ్లు 100 మంది. మిగతా 99,900 మందిలో అర శాతం, అంటే దాదాపు 500 మందికి, వైరస్ లేకపోయినా రియాక్టివ్ వస్తుంది. కిట్ ఆ 100 మందిలో ఒక్కరినీ వదలకపోయినా, రియాక్టివ్ వచ్చిన ఆరుగురిలో ఒకరికే నిజంగా ఉన్నట్టు.

అందుకే వరుసగా మూడు వేర్వేరు కిట్లలో రియాక్టివ్ వస్తేనే పాజిటివ్‌గా తేల్చాలని డబ్ల్యూహెచ్‌ఓ 2019లో సూచించింది. అదే కిట్‌తో మళ్లీ చేస్తే సరిపోదు: మొదటిసారి కిట్‌ను పొరబడేలా చేసిన, హెచ్‌ఐవీతో సంబంధం లేని యాంటీబాడీయే (రక్తంలోని రక్షక ప్రొటీన్) రెండోసారీ అలాగే చేయొచ్చు.