ఈజిప్టుకు సాయం: షరతులు కాగితాల్లో, ఖైదీలు జైళ్లలో

2024 సెప్టెంబర్‌లో బైడెన్ ప్రభుత్వం ఈజిప్టు సైన్యానికి ఆ ఏడాది ఇవ్వాల్సిన 130 కోట్ల డాలర్లూ పైసా తగ్గకుండా ఇచ్చేస్తామంది. అదే నెలాఖరుకి ఈజిప్టు ప్రజాస్వామ్య ఉద్యమకారుడు అలా అబ్దెల్ ఫత్తా ఐదేళ్ల శిక్ష పూర్తయింది, జైలు తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2019లో పట్టుకెళ్లి రెండేళ్లకు పైగా రిమాండ్‌లో ఉంచారు కదా, ఆ కాలం లెక్కలోకి రాదన్నారు. ఇంతకీ నేరమేంటంటే, జైల్లో ఒక ఖైదీ చిత్రహింసలకు చనిపోయాడన్న ఫేస్‌బుక్ పోస్టును షేర్ చేయడం!

ఆ సొమ్ములో 32 కోట్ల డాలర్లకు అమెరికన్ కాంగ్రెస్ మానవ హక్కుల షరతులు పెట్టింది. అందులో 9.5 కోట్లు రాజకీయ ఖైదీల విడుదలలో పురోగతి ఉంటేనే ఇవ్వాలి. ఉందని విదేశాంగ మంత్రి బ్లింకెన్ సర్టిఫికెట్ ఇచ్చేశారు. మిగతా 22.5 కోట్లకు జాతీయ భద్రత పేరు చెప్పి మినహాయింపు వాడారు, ఎందుకంటే షరతు పెట్టిన చట్టమే దాన్ని దాటేసే దారీ చూపిస్తుంది. ట్రంప్ 'ఫేవరెట్ డిక్టేటర్'కి, అంటే ఈజిప్టు అధ్యక్షుడు సీసీకి, ఇక బ్లాంక్ చెక్కులు ఉండవని 2020లో అన్నది ఈ బైడెనే.

దీన్ని ఉత్త కపటం అని తిట్టేసి ఊరుకుంటే అసలు సంగతి దొరకదు. ఈ సాయం కైరో చేతికి నగదుగా రాదు, దాంతో కొనేది అమెరికా ఆయుధాలే, కాబట్టి ఆపితే ముందు గగ్గోలు పెట్టేది అక్కడి కంపెనీలే. పైగా ఇజ్రాయెల్‌తో 1979 శాంతి ఒప్పందం, సూయెజ్ కాలువ, ఆ ఏడాదైతే గాజా మధ్యవర్తిత్వం, వీటన్నిటికీ అమెరికాకు ఈజిప్టు కావాలి.

అమెరికా ఆపితే ఇంకొకరు ఆయుధాలు అమ్ముతారన్న వాదన కూడా ఉంది, అది అబద్ధమేమీ కాదు. 2013 ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో భద్రతా బలగాలు కనీసం 817 మంది నిరసనకారులను చంపాయని హ్యూమన్ రైట్స్ వాచ్ తేల్చిన ఆ దాడి తర్వాత ఒబామా కొన్ని విమానాలు, ట్యాంకులు ఆపారు. 2015 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ఈజిప్టుకు 24 రఫేల్ యుద్ధ విమానాలు అమ్మింది, మార్చిలో ఒబామా నిషేధం ఎత్తేశారు. ఐదేళ్లకు ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ సీసీకి పారిస్‌లో ఆ దేశ అత్యున్నత పురస్కారం లెజియన్ ఆఫ్ ఆనర్ కూడా ఇచ్చారు.

సాయం చేస్తుంటేనే కైరోలో మన మాట చెల్లుతుందని అమెరికా వాళ్లు అంటారు. నాకైతే తిరకాసుగానే కనిపిస్తోంది, చెల్లిన దాఖలా ఏదీ? అబ్దెల్ ఫత్తా బ్రిటన్ పౌరుడు కూడా, అయినా ఆ దేశ కాన్సులేట్ వాళ్లను జైల్లో కలవనివ్వలేదు. తల్లి లైలా సూయిఫ్ లండన్‌లో నెలల తరబడి నిరాహార దీక్ష చేశారు. చివరికి 2025 సెప్టెంబర్‌లో వదిలారు, శిక్ష ముగిసిన ఏడాదికి, అదీ 'క్షమాభిక్ష' పేరుతో.