గట్టు మీద మొక్కలుంటేనే చేలో మిరప

నల్ల తామర పురుగు 2021 చివర్లో గుంటూరు మిరప రైతును నిలువునా ముంచింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో, బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మన చేలకు వచ్చేసరికి పూలలో చేరి గీరి రసం పీల్చింది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. అప్పు తెచ్చి, రెండు మూడు మందులు కలిపి మరీ కొట్టినా తగ్గలేదు.

మందులో బలం లేక కాదు. ఈ పురుగు గుడ్డు ఆకు లోపలి పొరల్లో ఉంటుంది. రెక్కలు రాకముందు కొన్నాళ్లు మట్టిలో గడుపుతుంది. పెద్దదయ్యాక పువ్వులో దాక్కుంటుంది. పిచికారీకి సులువుగా దొరికేది ఆకుల మీద తిరుగుతూ దాన్ని వేటాడే మిత్ర పురుగే. తామర పురుగుకు రెండు మూడు వారాల్లో కొత్త తరం వస్తుంది, మిత్ర పురుగైన అక్షింతల పురుగుకు ఇంచుమించు నెల పడుతుంది. అందుకే మందు కొట్టిన ప్రతిసారీ ముందు తేరుకునేది శత్రువే. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగు మందులు పదేపదే కొట్టిన చేలో నల్లి విజృంభించి, ఆకులు కిందికి ముడుచుకునే కింది ముడత రావడానికీ ఇదో ప్రధాన కారణం.

మిత్రులను గుర్తుపట్టక చంపుకోవడం మరో నష్టం. అక్షింతల పురుగు పిల్ల దశలో ఎర్రగా, గుండ్రంగా ఉండదు. నల్లగా, పొడుగ్గా, ఒంటిమీద నారింజ మచ్చలతో చిన్న మొసలిలా కనిపిస్తుంది. పేనుబంకను వందల లెక్కన తినేది ఈ పిల్లే. దాన్ని చూసి కొత్త తెగులనుకుని మందు కొడుతున్నారు. ఆకు మీద తెల్లని సన్నటి పోగు నిలబడి, దాని కొసన చిన్న గుడ్డు కనిపిస్తే అది మరో మిత్రుడైన అల్లిక రెక్కల పురుగుది. పక్కపక్కనే పెడితే ముందు పుట్టిన పిల్ల మిగతా గుడ్లను తినేస్తుంది కనుక తల్లి ఇలా విడివిడిగా పెడుతుంది.

ఈ పురుగులకు మిరప ఒక్కటే చాలదు. పుప్పొడి, మకరందం, నీడ కావాలి. నాటడానికి 15-20 రోజుల ముందే చేను చుట్టూ రెండు మూడు వరసల జొన్న గానీ మొక్కజొన్న గానీ విత్తాలి. మిరపతో పాటే విత్తితే గాలికి కొట్టుకొచ్చే పురుగును ఆపేంత ఎత్తు సమయానికి రాదు. మధ్యమధ్య బంతి, గట్టున అలసంద వేయాలి. అలసందకు పేనుబంక పట్టగానే పీకేయడం పొరపాటు; అక్షింతల పురుగులు ముందు చేరేది అక్కడికే. ఆ వరసల మీద మందు పడనివ్వకూడదు. ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి, నాటాక పైరు ఎత్తులో నీలిరంగు జిగురు అట్టలు, పురుగు కనిపించిన తొలినాళ్లలో లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున 1500 పీపీఎం వేపనూనె వాడాలి. అట్టకు దుమ్ము పడితే పురుగు అంటదు, వెంటనే మార్చాలి.

ఆ వేప గట్టు మీదికి వచ్చిందీ పక్షుల వల్లే. గోరింకలు, కాకులు పండు తిని గింజ వదిలితే మొలిచిన చెట్లే ఎక్కువ. ఏట్రింత పిట్ట ఆ కొమ్మ మీద కాపు కాసి పచ్చపురుగును ఏరుకు తింటుంది. పాలపిట్ట తాటి మొద్దు తొర్రలో గూడు పెడుతుంది. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని ఆ మొద్దులను కొట్టేస్తున్నాం, గట్లకు గడ్డిమందు కొడుతున్నాం. దీని నష్టాన్ని ఏ సాగు ఖర్చు లెక్కలోనూ చూపడం లేదు.

జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది. పంచాయతీకో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలని నిబంధనలున్నాయి. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన స్థానం లాం ఫారం మన ముంగిట్లోనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తలను కూర్చోబెట్టుకుని మిరప పండే ప్రతి ఊరూ తన గట్ల మీది చెట్లను, చేలలోని మిత్ర పురుగులను ఆ రిజిస్టర్లో ఎక్కించాలి. జూలైలో నారు పోసేలోగా జొన్న, బంతి, అలసంద విత్తనాలను వ్యవసాయ శాఖ రాయితీపై రైతు సేవా కేంద్రాల్లో అందుబాటులో ఉంచాలని కోరుతున్నాం.