పేదల ఇళ్లు సబ్బవరం దాటాకే కట్టాలా?

ఈ వారం ఒకే మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, చివరికి వాకింగ్ మిత్రుల గ్రూపులో కూడా వచ్చింది. "మన ఎమ్వీపీ కాలనీని కాపాడుకుందాం" అని మొదలవుతుంది. విశాఖలోని మా కాలనీలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాల్లో పేదలకు ఫ్లాట్లు కట్టకూడదట. కడితే ఇళ్ల రేట్లు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి, నీళ్లు చాలవు, పార్కింగ్ దొరకదు. పైగా వాళ్లెలాగూ అద్దెకిచ్చుకుని వెళ్లిపోతారు కాబట్టి ఊరి బయట కట్టిస్తే వాళ్లకే మంచిదట. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

పార్కింగ్: రోడ్డు మీద ఆపిన కార్లు ఎవరివో ఒకసారి బయటికొచ్చి చూడండి.

నీళ్లు: ఆ కుటుంబాలు కొత్తగా ఎక్కడినుంచో ఊడిపడవు. ఇప్పటికే కొండవాలులోనో గెడ్డ పక్కనో ఉంటూ ఈ నగరం నీళ్లే తాగుతున్నారు. కాకపోతే బిందెలతో మెట్లెక్కి మోసుకుంటున్నారు.

దొంగతనాలు: ఇది చదివి నిజంగా కోపమొచ్చింది. మనం ఊరెళ్తే తాళంచెవి ఇచ్చేది పాచిపనికి వచ్చే ఆమెకే. మంచంలో ఉన్న అమ్మకు అన్నం పెట్టేదీ ఆమే. పగలంతా ఇల్లు అప్పగించిన మనిషి రాత్రి పక్కవీధిలో పడుకుంటే దొంగ అయిపోతుందా?

రేట్ల విషయంలో మాత్రం మెసేజ్ పూర్తిగా అబద్ధం చెప్పలేదని ఒప్పుకోవాలి. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్తలు డైమండ్, మెక్‌క్వేడ్ ఇలాంటి ఇళ్ల చుట్టుపక్కల ధరలు పరిశీలించారు. పేద పేటల్లో ధరలు 6.5 శాతం పెరిగాయి, కలిగినవాళ్ల పేటల్లో కొన్నిచోట్ల 2.5 శాతం దాకా తగ్గాయి, అదీ బాగా దగ్గరున్న ఇళ్లకే. మన దగ్గరా కొంత తగ్గొచ్చు. కానీ ఎమ్వీపీని విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా వేసినప్పుడే తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాల వాళ్లకు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ ఇళ్లు ఒకే కాలనీలో పెట్టింది. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లు పక్కనే ఉన్నాయని ఇక్కడి ధరలు కుప్పకూలాయా?

ఇక అసలు విషయం, "ఊరి బయటైతే వాళ్లకే మంచిది" అన్న మాట. 2022 ఏప్రిల్‌లో ఊరి బయట సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో సభ పెట్టి, విశాఖ పేదలకు సెంటు స్థలం చొప్పున లక్షకు పైగా ఇళ్ల పట్టాలిచ్చారు. అలాంటి చోట ఇల్లు కట్టుకున్న ఆమె ఉదయం ఆరింటికి మన వంటింట్లో ఉండాలంటే ఎన్నింటికి లేవాలి? పెదజాలరిపేటలో తెల్లారకముందే చేపల బుట్ట ఎత్తే మనిషిని సముద్రానికి అంత దూరం పంపి ఏం అమ్ముకోమంటాం? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా అంటారు. టికెట్ డబ్బు మిగులుతుంది, నిజమే. రోజూ బస్సుల్లో పోయే మూడు నాలుగు గంటలు ఎవరిస్తారు? ఆ గంటల్లోనే ఆమె ఇంకో రెండిళ్లు చేసుకునేది, పిల్లలను బడికి తయారుచేసేది.

ఇదంతా నా ఊహ కాదు. అహ్మదాబాద్‌లో 1987లో బీడీలు చుట్టే మహిళలకు లాటరీ తీసి, ఊరి నడిబొడ్డుకు 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు కేటాయించారు. లాటరీ తగిలినవాళ్లను, తగలనివాళ్లను పోల్చి బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే అనే ఆర్థికవేత్తలు రాసిన అధ్యయనం 2017లో అచ్చయింది. ఇల్లొచ్చినవాళ్లలో 34 శాతం మంది అందులో దిగనేలేదు. మరో 32 శాతం మంది దిగి, తర్వాత వదిలేశారు. ఏళ్లు గడిచినా ఇల్లొచ్చిన కుటుంబాల ఆదాయం, పిల్లల పరిస్థితి ఇల్లు రానివాళ్ల కంటే మెరుగవలేదు. బంధువులు దూరమయ్యారు, కష్టమొస్తే చేబదులిచ్చే మనుషులు తగ్గారు.

"వాళ్లెలాగూ అద్దెకిచ్చుకుని వెళ్లిపోతారు" అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. పనికి దూరంగా ఇల్లిస్తే వెళ్లిపోక ఏం చేస్తారు? దూరంగా తోసేయమన్నదీ మీరే, అక్కడ ఉండలేకపోతే మోసగాళ్లన్నదీ మీరే.

ఆ ఖాళీ స్థలాల్లో కట్టే ముందు డ్రైనేజీ లైను పెద్దది చేయాలనీ, నీళ్ల ట్యాంకు కట్టాలనీ నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ రాయండి, మొదటి సంతకం నాది. ఈ మెసేజ్ మాత్రం నాకు మళ్లీ పంపకండి.