వడదెబ్బ లెక్క తేల్చేవారికి అండ ఏదీ?

మట్టిపనికి పోయిన కూలీ మిట్టమధ్యాహ్నం గట్టు మీద కూలబడతాడు. మొహాన నీళ్లు చల్లి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోతుంది. ఒళ్లు ఎంత కాలిందో థర్మామీటరు పెట్టి చూసినవారుండరు. అది వడదెబ్బేనని తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి తేల్చాలి. ఈలోగా దహనం అయిపోతుంది, కాగితం మీద గుండెపోటు మిగులుతుంది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు బలయ్యారని అధికారులు లెక్కగట్టారు. ఆ లెక్కకు ఎక్కనివారి ఊసే లేదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని వైద్యులు ధ్రువీకరించినవి 22.5 శాతమే మరి.

అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాడ్పులప్పుడూ ఇంతే జరిగేది. కానీ పరిశోధకులు మరణాల రికార్డులు తిరగేసి, ముందటి ఏళ్ల మే నెలతో పోల్చి చూశారు. 1,344 మంది అదనంగా చనిపోయారని తేలింది. ఆ వేసవి నేర్పిన పాఠంతోనే 2013లో ఆ నగరం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. ఇలాంటి పని మన జిల్లాల్లో ఎవరు చేయాలి? ఊరూరా తిరిగి, ఇంటింటా కూర్చుని వివరాలు రాసుకునే ఓపిక పీహెచ్‌డీ విద్యార్థులకే ఉంటుంది. వారిని మనం ఎలా చూసుకుంటున్నామన్నదే మా ఆవేదన.

వేసవి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పీహెచ్‌డీకి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే గడువు ఆరేళ్లు. కోర్సువర్కు, మనుషుల మీద చేసే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి, చివర థీసిస్ రాత పోగా విద్యార్థి చేతికి దక్కేవి మూడు, నాలుగు వేసవులు. ఫెలోషిప్పు, అంటే నెలనెలా ఇవ్వాల్సిన పరిశోధన భృతి, నెలల తరబడి రాక అందులో ఒకటి చేజారితే ఆ పరిశోధనకు కాలు విరిగినట్టే. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పును (జేఆర్‌ఎఫ్) 2023లో నెలకు 37,000 రూపాయలకు పెంచారు, సంతోషం. అది నెలనెలా చేతికి అందాలి కదా! పైగా ఆ సొమ్ము అద్దెకు, తిండికి. ఊళ్లు తిరగడానికి, పరికరాలకు, రక్తపరీక్షలకు వేరే డబ్బు కావాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే చూడండి. జీడి, కొబ్బరి తోటల మధ్య బతికే అక్కడి జనాన్ని కిడ్నీ జబ్బు ఏళ్లుగా పీల్చేస్తోంది. కారణం తాగే నీళ్లా, ఎండలో ఒళ్లొంచి చేసే పనా, మరొకటా అన్నది ఇప్పటికీ తేలలేదు. తేల్చాలంటే అవే కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించాలి. కిడ్నీ తెలిసిన గైడు ఒకరు, వాతావరణం తెలిసిన గైడు మరొకరు ఉండాలి. ఆ విద్యార్థి ఇది మా శాఖ పని కాదని వైద్యం వాళ్లతో, మాదీ కాదని వాతావరణం వాళ్లతో అనిపించుకునే పరిస్థితి రాకూడదు.

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మరుసటి నెలే పైవాళ్లు ఆయన్ని రాజపుతానాకు (ఇప్పటి రాజస్థాన్) బదిలీ చేశారు. పని నెలల తరబడి ఆగింది, మిగతా సంగతి మరుసటి ఏడాది కలకత్తాలో తేల్చాల్సి వచ్చింది. నూట పాతికేళ్లు దాటినా మన పరిశోధకుల పని ఇంకా కాగితాల దగ్గరే ఆగుతోంది.

వడదెబ్బ మృతుల కుటుంబాలకు పరిహారాన్ని తెలంగాణ 2025లో 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయం. ఆ మరణాలను ముందే ఆపే పరిశోధనకూ అంతే శ్రద్ధగా డబ్బు పెట్టాలి. రెండు రాష్ట్రాలూ వాతావరణం, ఆరోగ్యం మీద పనిచేసే విద్యార్థులకు సొంతంగా ఫెలోషిప్పులు ప్రకటించాలి, ఊళ్లు తిరిగే ఖర్చులు విడిగా ఇవ్వాలి. పేర్లు తీసేసి మరణాల రికార్డులను వారి ముందుంచాలి. వైద్య కళాశాల, విశ్వవిద్యాలయం కలిసి ఒకే విద్యార్థికి గైడ్లను ఇచ్చేందుకు దారి తెరవాలి. ఉత్తర్వులు ఫిబ్రవరిలోపే రావాలి. ఏప్రిల్ దాకా నానిస్తే విద్యార్థి సామాను సర్దుకునేసరికి ఆ ఏటి వేసవి దాటిపోతుంది.