ముసురులో సైకిలు: నగర పరువు దృష్ట్యా ఒక మనవి

చలికాలం ముసురులో సైకిలు తొక్కుకుంటూ పనికి పోయేవాళ్ల మీద అధికారులు వెంటనే ఏదో ఒక చర్య తీసుకోవాలి. ఈ మాట కోపంతో అనడం లేదు, ఊరి మీద ప్రేమకొద్దీ అంటున్నాను. ఓరుగల్లు ఆషామాషీ ఊరు కాదు. కేంద్రం 2020లో నగరాల మధ్య సైకిళ్ల పోటీ పెడితే, దేశం మొత్తం మీద గెలిచిన 11 నగరాల్లో మనదీ ఒకటి. బెంగళూరు, సూరత్, చండీగఢ్‌ల సరసన వరంగల్ పేరు అచ్చయింది. అంతటి బిరుదున్న ఊళ్లో, నెత్తికి పాలిథిన్ కవరు తొడుక్కుని, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, కారే ముక్కును భుజానికి తుడుచుకుంటూ ఒక మనిషి అదాలత్ చౌరస్తా దగ్గర సైకిలు తొక్కుతుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు?

నేను సైకిలుకు వ్యతిరేకిని కాను. ఆ మాటకొస్తే సైకిలంటే నాకు చాలా గౌరవం. కాకపోతే దేనికైనా ఒక పద్ధతుండాలి. ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందే, అందరూ ఒకే రంగు టీషర్టు వేసుకుని, పెద్దాయన జెండా ఊపాక బయల్దేరి, వేయిస్తంభాల గుడి ముందు ఫొటో దిగి, అరటిపండు తిని, సైకిలును కారు వెనక కట్టుకుని ఇంటికి పోవాలి. ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు. తెల్లారుజామున ఇగం పెడుతుంటే, పైన సన్నగా తుంపర పడుతుంటే, హాజరు పోతుందనే భయంతో తొక్కడం ఈ లెక్కలోకి రాదు. జెండా ఊపేవాళ్లు ఆ వేళకు నిద్ర లేవరు కూడా.

నిజానికి తప్పంతా బంగాళాఖాతానిది. నైరుతి వెళ్లిపోయాక మనకు వానతో పనిలేదు. అయినా అది ఊరుకోదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటితే ఇక్కడ మనకు ముసురు పట్టింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా కాకినాడ దిక్కున తీరం దాటింది, మర్నాడు ఓరుగల్లు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. అలాంటి రోజుల్లో బుద్ధిమంతుడు ఇంట్లో కూర్చుని మిర్చిబజ్జీలు తింటాడు. సైకిలోడికి ఆ బుద్ధి ఉండదు.

పైగా ఆ వాహనమే వానకు పనికిరాదు. పాత సైకిలుకు తడిలో బ్రేకు వేయడమంటే ఆఫీసులో అర్జీ పెట్టుకోవడమే. నొక్కగానే పని జరగదు. రిమ్ము మీద నీటి పొర ఉంటుంది, రబ్బరు గట్టీ ముందు దాన్ని తుడవాలి, ఆ తర్వాత గానీ పట్టదు. అర్జీ కదిలేలోపు ముందున్న బస్సు వెనకభాగం మొహం మీదికొస్తుంది. అందుకని తెలిసినవాళ్లు చౌరస్తా ఇంకా దూరంగా ఉండగానే మెల్లగా నొక్కడం మొదలుపెడతారు, అప్పటికీ చాలకపోతే చెప్పు నేలకు రాస్తారు. రోడ్డు మీది తెల్లగీతలు తడిస్తే జారతాయి, మ్యాన్‌హోల్ మూతలు ఇంకా జారతాయి. నీళ్లు నిలిచిన గుంత బొటనవేలంత లోతో, పెడల్ మునిగేంత లోతో దిగితే గానీ తెలియదు. వెనక మడ్‌గార్డు ఊడిపోయినవాడికి నడుము నుంచి మెడ దాకా వీపు మీద నిట్టనిలువుగా బురదగీత పడుతుంది. ఉన్నవాడి సంగతి ఇంకా అన్యాయం. నల్లరేగడి బాటలో మట్టంతా ఆ మడ్‌గార్డులో ఇరికి చక్రమే తిరగదు, దిగి పుల్లతో గీక్కోవాలి. వారం తిరక్కుండానే చైను ఎర్రబారి కిర్రుకిర్రుమంటుంది.

ఇవన్నీ సైకిలు పడే బాధలు. మన బాధ వేరే. తడిసిన సైకిలోణ్ని చూస్తే మనకు జాలేస్తుంది. "ఏందన్నా, బండి ఖరాబైందా?" అని అడగకుండా ఉండలేం. బండి లేదని చెబితే మనకు ఇబ్బంది, ఉన్నా తీయలేదని చెబితే మనకు అనుమానం. బైకు మీద తడిస్తే అది వాన, సైకిలు మీద తడిస్తే పేదరికం. పొద్దున్నే ఇన్నిసార్లు జాలిపడాల్సి రావడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఇంతకీ వీళ్లు ఎవరో చూద్దామని చూశాను. పేపర్ వేసే పిల్లగాడు. కట్టలకు ప్లాస్టిక్ కవరు చుట్టి, ట్యూబు ముక్కతో క్యారియరుకు బిగించి, తాను మాత్రం తడుస్తూ పోతున్నాడు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్. ఎనుమాముల మార్కెట్ హమాలీలు. ఇక్కడ మన వ్యవస్థలోని ఒక సూక్ష్మాన్ని మెచ్చుకోవాలి. మార్కెట్లో పత్తికి తేమ కొలిచే మీటరుంది. పత్తిలో తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత, 12 దాటితే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ కొననే కొనదు. వాన చినుకు పడగానే రాశుల మీద టార్పాలిన్లు కప్పుతారు, రైతు గుండె చేత్తో పట్టుకుని నిలబడతాడు. అదే పత్తిని మోసే హమాలీ ఎంత తడిసొచ్చినా ఏ మీటరూ తిప్పి పంపదు. నూటికి నూరు శాతం తేమతో వచ్చినా తీసుకుంటారు, ధర కూడా అదే. ఇంత ఉదారత ఇంకే సరుకు విషయంలోనూ లేదు.

కావాలనుకుంటే ఏర్పాట్లు చేయలేమా? హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, దాని మీద సౌరఫలకాలతో కప్పు వేశారు. 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. ఎండ తగలదు, వాన తగలదు, రాత్రి దీపాలుంటాయి, పైన కరెంటు కూడా పుడుతుంది. దాని కింద పత్తి బస్తాలు మోయడానికి పోయేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి శుభ్రంగా ఉంది. మన హమాలీకీ అలాంటి కప్పు వేయాలని కొందరు వాదించవచ్చు. కానీ కాజీపేట నుంచి వరంగల్‌కు పది కిలోమీటర్ల పైచిలుకు. అంత కప్పు వేస్తే ఫ్లెక్సీలు ఎక్కడ కట్టాలి?

కాబట్టి నా వంతుగా రిజిస్ట్రేషన్ పద్ధతి ఒకటి ప్రతిపాదిస్తూ నమూనా దరఖాస్తు కూడా తయారుచేశాను. పేరు, సైకిలు రంగు, తొక్కడానికి గల కారణం. కారణానికి మూడు గడులు పెట్టాను: ఆరోగ్యం, పర్యావరణం, వినోదం. పరీక్షించి చూద్దామని గొడుగేసుకుని మార్కెట్ రోడ్డు మీదికి వెళ్లి, యూరియా సంచి కొప్పెర పెట్టుకుని వస్తున్న ఒక ముసలాయన్ని ఆపాను.

"ఎందుకు తొక్కుతున్నవ్ కాకా?"

"పనికి వోతాన సారూ."

"పని అనే గడి లేదు. ఈ మూడిట్లో ఏదో ఒకటి చెప్పు."

"ఏదన్న రాసుకో సారూ, పత్తి బండ్లు వచ్చే యాళ్లయింది. లేటైతే ఇయ్యాల్టి పని వోతది."

పర్యావరణం అని రాశాను. సంతకానికి పెన్ను ఇచ్చేలోపే ఆయన పెడల్ మీద కాలేసి కదిలిపోయాడు. దరఖాస్తు అసంపూర్తిగా ఉన్నందున తిరస్కరించడమైనది.