మొదటి రెండు లైన్లు మన గురించి కాదు
ఫ్రీలాన్స్ పని అడుగుతూ క్లయింట్‌కు పంపే ప్రపోజల్‌ను పేరు, చదువు, అనుభవంతో మొదలుపెట్టాలని ఈ వ్యాసంలో రాశారు. ఆ ఒక్క మాటతో ఏకీభవించలేను. ఫ్రీలాన్స్ పనులు దొరికే సైట్ అప్‌వర్క్‌లో వచ్చిన ప్రపోజల్స్ అన్నీ వరసగా కనిపించేటప్పుడు క్లయింట్‌కు కవర్ లెటర్‌లో మొదటి రెండు లైన్లే కనబడతాయి, మిగతాది క్లిక్ చేస్తేనే. ఆ కాస్త చోటూ మన బయోడేటాకే పోతే ఇక తెరిచి చూసేదెవరు? నేను వెబ్‌సైట్ పనులు చేస్తాను. "మీ షాప్ పేజీ ఫోన్‌లో తెరిచి చూశాను, ఆఫర్ బ్యానర్ వచ్చి కొనే బటన్‌ను కప్పేస్తోంది, స్క్రీన్‌షాట్ జత చేశాను" అని మొదలుపెడితే చాలాసార్లు అదే రోజు జవాబు వస్తుంది. అనుభవం ఎలాగూ ప్రొఫైల్‌లో ఉంటుంది, కావాలంటే వాళ్లే అడుగుతారు. పైగా ప్రపోజల్ పంపాలంటే కనెక్ట్స్, అంటే ఆ సైట్‌లో వాడే టోకెన్లు, ఖర్చవుతాయి, కొనాలంటే ఒక్కోటి 15 సెంట్లు. కొత్తగా వచ్చే పిల్లలు ఒకే లెటర్‌ను అన్నిచోట్లా అతికించి ఆ డబ్బు పోగొట్టుకుంటుంటే నిజంగా బాధేస్తుంది. జాబ్ పోస్ట్‌లో క్లయింట్ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అలా అతికించిన లెటర్‌లో ఉండదు.